గాజు వంతెన

ఉదయగిరి దుర్గమును దూరమునుండి చూచినవారికి అది కొండవలె గాక గోడవలె కనబడును. సముద్రమట్టమునకు 3,079 అడుగుల ఎత్తుగల ఆ కొండకు పెక్కుచోట్ల ఏటవాలు లేదు. నిట్టనిలువుగా దిగిన రాతిచరియలే కలవు. కొన్నియెడల ఆ చరియల నిలువు వేయి అడుగులకు సమీపించునని పూర్వపు గెజిటీరులు చెప్పుచున్నవి. ఒకప్పుడు కొండమీద ఎనిమిది, క్రింద ఐదు, మొత్తము పదుమూడు కోటలుండెడివి. గజపతుల యేలుబడిలోనున్న ఈ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి, సుమారు ఏడాదిన్నర కాలము వేచి, 1514లో గైకొనెను. ఇచ్చటి బాలకృష్ణుని విగ్రహమును హంపికి గొనిపోయి, ఆలయము కట్టించి, అందు ప్రతిష్ఠించెను. ఈ సంగతులు చరిత్ర పాఠములందు కలవు. అంతగా ఎవరును పట్టించుకొనని సంగతి వేరొకటి యున్నది. న్యూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసినదానినిబట్టి, రాయల సేనలు కోటను చేరుటకు దారి లేకపోగా, బండలను పగులగొట్టి, గుట్టలను చీల్చి, బాట వేయవలసివచ్చెను. కోట పట్టిన రాజు పేరు అందఱకు తెలియును. ఆ బాట వేసినవారిలో ఒక్కని పేరైనను ఎవరికిని తెలియదు.

నేడు ఆ కొండ కోటలకంటె కొయ్యకే ఎక్కువ ప్రసిద్ధము. దుర్గము చుట్టుప్రక్కల అడవిలో నర్ది, కలివి, బిక్కి మొదలగు చెట్లు పెరుగును. వాని కొయ్యతో ఉదయగిరి పనివారు గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుదురు. తేలికగా, నునుపుగా, చేతిలో ఇమిడియుండు ఆ వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. చెంచాను చూచినవారు చెక్కినవానిని మెచ్చుకొందురు. కొయ్యకొరకు కొండనెక్కినవాడు వారి తలపునకు రాడు.

అట్లు కొయ్య తెచ్చి పనివారికమ్మి జీవించినవారిలో ఒక వృద్ధుడున్నాడు. ఇప్పుడాయనకు డెబ్బదియేండ్లు. పదునాలుగవ యేట తండ్రివెంట కొండనెక్కినవాడు, మోకాళ్ళు పట్టు విడుచువరకు, నలువదియేండ్లకు పైగా ఎక్కుచునే యుండెను. ఆయనకు అక్షరములు రావు. రాళ్ళ సంగతి మాత్రము చక్కగా తెలియును. కొండమీద నడుచునపుడు చేతికఱ్ఱతో ముందున్న బండను ఒకసారి తట్టి, చప్పుడు విని, పిమ్మట కాలు మోపును. గట్టిబండ ఒక విధముగా పలుకును. క్రింద బోలుగా నున్న బండ మరియొక విధముగా పలుకును. ఈ విద్యను ఆయనకు తండ్రి నేర్పెను. తండ్రికి వాని తండ్రి నేర్పెను.

ఆయనకొక చెల్లెలు. ఆమెను మేనత్త కొడుకునకే ఇచ్చి పెండ్లి చేసిరి. అతడును కొయ్య తెచ్చువాడే. బావయు, బావమరదియు కలిసియే కొండకు పోవుచుండిరి. 1983వ సంవత్సరము కార్తికమాసములో ఒకనాడు ఇద్దరు పోయిరి, ఒక్కడే దిగివచ్చెను. చరియ యంచున కలివికొమ్మ నందుకొనుచుండగా బావ కాలిక్రింది బండ ఊడిపోయెను. శరీరమును పైకి తెచ్చుటకు పదిమందికి ఒక పగలంతయు పట్టెను. అప్పటికామెకు ఇరువదిరెండేండ్లు, ఒడిలో రెండేండ్ల బిడ్డ.

ఊరివారు దుర్మార్గులు కారు. వంతులు వేసికొని ఆమె యింటికి గంజియు, బియ్యమును పంపిరి. అయినను అరుగులమీద మాట ఆగదు. ‘అంత అంచుకు ఎవరు పొమ్మన్నారు? దుడుకు మనిషి. కొమ్మమీది ఆశ ప్రాణము తీసినది’ అని చెప్పుకొనిరి. ఆ మాట ఆమె చెవిని బడెను. కొన్ని నెలలకు బిడ్డను చంకనెత్తుకొని ఆమె ఆత్మకూరు చేరెను. మొదట బియ్యపుమిల్లులో చెరుగుడుపనికి కుదిరి, తరువాత కుట్టుపని నేర్చి, కొడుకును చదివించెను. పెండ్లిండ్లకు, పండుగలకు అన్న యింటికి వచ్చెడిది. వచ్చినను కొండవైపునకు ముఖము త్రిప్పెడిది కాదు. ఆ దినమున ఏమి జరిగినదని అన్నను ఒక్కమారైనను అడుగలేదు. ఎవరైన ఆ ప్రస్తావన తెచ్చిన లేచి లోనికి పోయెడిది. భర్తమీద ఆమెకు ప్రేమ యెంత యుండెనో కోపమును అంత యుండెను. ఇంట పసిబిడ్డ యుండగా ఒక కొమ్మకొరకు అంచుదాక పోయిన మనిషిని క్షమించుటకు ఆమె మనస్సు ఒప్పుకొనలేదు.

కొడుకు పారిశ్రామిక శిక్షణాలయములో చదివి, విశాఖపట్టణమున వెల్డరు పనిలో కుదిరెను. అచ్చటనే కాపురము. అతని కుమారుడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. 2025 డిసెంబరు 1వ తేదీన ఆ పట్టణపు కైలాసగిరిమీద ఒక గాజు వంతెన తెరవబడెను. తరువాత వచ్చిన సంక్రాంతికి కొడుకు తల్లిని, మేనమామను రమ్మని పిలిచెను. పిలుపు కొడుకుదేగాని పోరు మనుమనిది. ఫోనులో దినమునకు రెండుమారులు అదే మాట.

“అవ్వా, నువ్వు వస్తేనే నేనూ ఎక్కుతాను. కింద అంతా గాజే. లోయంతా కనపడుతుంది.”

“గాజు పగలడం నాకు తెలుసు నాయనా” అని ఆమె యనెను. భర్త పోయిన పదునొకండవ దినమున చేతులకు జరిగినదానిని ఆ బాలుడెరుగడు. “ఈ గాజు పగలదవ్వా” అని వాడు ధైర్యము చెప్పెను. ఆమె నవ్వి, వత్తుననెను.

ఇట్టి గాజు నడవలు లోకమున ఇటీవల పెక్కు వెలసినవి. నేలను నీరు లోతుగా కోసికొనిపోయిన త్రోవను తెలుగువారు గండి యందురు. కడప జిల్లాలో పెన్నానది ఎఱ్ఱమల కొండలను అట్లు కోసికొనిపోయిన చోటనే గండికోట యున్నది. ఆ పెన్నయే దిగువకు పారి, సోమశిల ఆనకట్టను చేరి, ఆత్మకూరు ప్రాంతమునకు వచ్చును. అమెరికా దేశమున కొలరాడో నది కోసిన గండి మరియు పెద్దది. దాని పొడవు 446 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల మైలుకు మించును. దానిని గ్రాండ్ కెన్యన్ అందురు. ఆ గండి పడమటి భాగమున హువాలపాయి అను ఆదివాసుల భూమి యున్నది. 2007 మార్చిలో వారి భూమియందు గుఱ్ఱపులాడపు ఆకారముగల గాజు నడవ యొకటి తెరవబడెను. అది గండి యంచునుండి వెలుపలికి సుమారు 70 అడుగులు చొచ్చుకొనిపోవును. చంద్రునిమీద నడచివచ్చిన ఆల్డ్రిన్ దానిమీద మొదట నడచినవారిలో నొకడు. చైనాలోని జాంగ్‌జియాజియే లోయపై 2016లో తెరచిన గాజు వంతెన 430 మీటర్ల పొడవుగలది. జనులకు నమ్మకము కుదురుటకై ముందుగా దాని పలకలను సుత్తులతో కొట్టించిరి. పైని కారును నడిపించిరి. నమ్మకము కావలసినదానికంటె ఎక్కువగానే కుదిరినట్లున్నది. తెరచిన రెండు వారములలోపలనే, వచ్చు జనసమ్మర్దమును తాళలేక, దానిని కొంతకాలము మూసివేయవలసివచ్చెను.

కైలాసగిరి నడవ చైనా వంతెనకంటె చిన్నది. పొడవు సుమారు 55 మీటర్లు. ఒకపర్యాయమునకు 40 మందిని మాత్రమే పోనిత్తురు. అది సముద్రమట్టమునకు సుమారు 860 అడుగుల ఎత్తున నున్నదని చెప్పుదురు. ఇచ్చట విద్యార్థులు ఒక విషయమును గమనింపవలెను. సముద్రమట్టమునుండి ఎత్తు వేరు. నిలిచినవాని కాలిక్రింది లోతు వేరు. ఆ 860 అడుగులును పాదముక్రింద నిలువుగా నున్నవని భ్రమపడరాదు. గ్రాండ్ కెన్యన్ నడవ విషయమునను 4,000 అడుగులనునది నదివరకుగల లెక్కయేగాని, గాజుక్రింద సూటిగా దిగిన లోతు అందు కొద్ది భాగమే. చూచువాని గుండె మాత్రము ఈ లెక్కలు వేయదు.

పేరునకు వంతెన యనుచున్నారుగాని నిజమునకు అది వంతెన కాదు. వంతెనకు రెండు గట్లుండవలెను. దీనికొక్కటే గట్టు. కొండయంచునుండి బయలుదేరి, గాలిలోనికి పోయి, అచ్చటనే యాగిపోవును. ఆవలి కొసక్రింద స్తంభము లేదు. పైనుండి పట్టిన గొలుసు లేదు. మెట్టప్రాంతపు పాత బావులను చూచినవారికి ఈ కిటుకు కొత్తది కాదు. ఆ బావుల లోపలిగోడలో రాతిపలకలను ఒక కొస పొదిగి, రెండవ కొస వెలుపలికుండునట్లు నిలిపి మెట్లుగా చేయుదురు. గోడలోనున్న భాగముమీద కట్టడపు బరువంతయు పడియుండుటచేత వెలుపలి భాగముపై మనిషి నిలిచినను పలక తిరుగబడదు. నీళ్ళకడవ నెత్తుకొని ఆ పలకలమీదుగా ఎక్కివచ్చిన స్త్రీలు ఎందరో! వారిలో నొక్కతెయు పలక రెండవ కొసను ఎవరు పట్టుకొనిరని యడుగలేదు. గాజు నడవయు అట్టిదే. బలమైన ఉక్కు దూలములను కొండమీది పునాదిలో కదలకుండ బిగించి, వాని రెండవ కొసలను లోయపైకి విడిచిరి.

గాజు సంగతి కొంత చెప్పవలెను. కిటికీకి వేయు మామూలు గాజు వేరు, ఇది వేరు. పలకను 600 డిగ్రీలకు మించిన వేడిలో కాచి, రెండు ముఖములమీదను చల్లని గాలిని ఒక్కసారిగా వీచునట్లు చేయుదురు. పైపొరలు ముందుగా చల్లబడి గట్టిపడును. లోపలి భాగము తరువాత చల్లబడుచు, కుంచించుకొనబోయి, పైపొరలను తనవైపునకు లాగి బిగించును. పగులు మొదలగుటకు పైపొర విచ్చుకొనవలెను గదా. బిగిసియున్న పొర సులభముగా విచ్చుకొనదు. అట్టి పలకలను ఒకదానిపై నొకటి పెట్టి, నడుమ జిగురైన ప్లాస్టిక్కు పొరలుంచి, ఒక్కటిగా అతికింతురు. కైలాసగిరిమీది గాజు అట్లతికినదే. దాని మందము 40 మిల్లీమీటర్లు. ఒక పలక పగిలినను ముక్కలు పొరను విడువవు. మిగిలిన పలకలు బరువును మోయును. ఈ రెండవ ఉపాయమునకు మూలము ఒక చేయిజారుటయే. 1903లో ఫ్రాన్సు దేశమున ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అను రసాయనజ్ఞుని చేతినుండి గాజుబుడ్డి యొకటి క్రిందపడి పగిలెను, కాని విడిపోలేదు. లోపల ఎండియుండిన రసాయనపు పొర ముక్కలను పట్టియుంచెను. చీపురు తెప్పించి ఊడ్పించి మరచిపోక, ఆయన ఆ బుడ్డిని ఎత్తి పరీక్షించెను. 

ఇంత తెలిసినను భయము పోదు. పోకుండుటలో తప్పు లేదు. 1960లో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. ఎత్తైన బల్లపై మందపు గాజును పరచి, ఒక సగమునకు క్రింద గళ్ళగుడ్డను అంటించిరి. రెండవ సగమున అదే గుడ్డను బాగుగా క్రిందకు పరచిరి. గాజు అంతటను ఒక్కటే. లోతు ఒకవైపుననే కనబడును. నడుమ చిన్నబిడ్డలను కూర్చుండబెట్టి, తల్లులచేత ఇరువైపులనుండియు పిలిపించిరి. 36 మంది బిడ్డలలో లోతు కనబడువైపునకు ప్రాకినవారు ముగ్గురే. కొందరు గాజును చేతితో తట్టి చూచియు వెనుదిరిగిరి. పుట్టి ఒక్కదినమైన మేకపిల్లలు, గొఱ్ఱెపిల్లలు సైతము ఆవైపున కాలిడలేదు. ఉదయగిరి కొండయంచున మేకలను కాచిన పిల్లవానిని అడిగిన, ఇందుకు ప్రయోగమెందుకని నవ్వును.

పండుగ మరునాడు ఆ కుటుంబము కైలాసగిరి ఎక్కెను. ఒకవైపున సముద్రము నీలముగా పరచుకొనియుండెను. రెండవవైపున చెట్లు కమ్మిన లోయ. ఎండ చురుక్కుమనకమునుపే జనము బారులు తీరెను. వృద్ధుడు బారులో నిలువక, నడవ ప్రక్కకు పోయి, వంగి, ఉక్కు దూలములు కొండను చేరుచోటును కనబడినంతమేర చూచెను. చాలసేపు చూచెను. ఊరిపెద్ద యెవడైన పెండ్లికుమారుని కులగోత్రములు విచారించునట్లుండెను ఆ చూపు.

“బావిమెట్టు రా ఇది” అని మేనల్లునితో ననెను.

“అతుకులు చూశావా మామా? గీత వంకర పోలేదు. మంచి చెయ్యి” అని వెల్డరు బదులు చెప్పెను. ఎవరి చెయ్యియో అతనికిని తెలియదు.

అన్నియు చూచికొన్న ఆ పెద్దమనిషియే తీరా గాజు దగ్గరకు వచ్చుసరికి ఆగిపోయెను. కాలు ముందుకు చాచెను, వెనుకకు తీసెను. మరల చాచెను, మరల తీసెను. నలువదియేండ్లు చరియలమీద తిరిగిన కాలది. చేతికఱ్ఱ నెత్తి గాజును ఒక్కమారు తట్టబోయెను.

“తాతా, కర్రతో కొట్టకూడదు” అని కాపలావాడు వారించెను.

“చప్పుడు వినకుండా కాలెట్లా పెట్టేది?”

బారులోనివారు నవ్విరి. నవ్వినవారిలో సగముమంది మరుక్షణమున కమ్మీని రెండు చేతులతో పట్టుకొనియే నడచిరి. వృద్ధుడు ప్రక్కకు తొలగి వారికి దారి యిచ్చెను.

ఆయన చెల్లెలు మాత్రము ఆగలేదు. జన్మలో కొండయెక్కి యెరుగని ఆ స్త్రీ మనుమని చేయి విడిచి, పొలముగట్టుమీద నడచినట్లు తిన్నగా నడచి, చివరకు పోయి నిలిచెను. పిమ్మట తలవంచి చూచెను. పాదములక్రింద గాలి, ఆ క్రింద చెట్ల తలలు ఆకుకూరమళ్ళవలె చిన్నవిగా నుండెను. ఒక పక్షి ఆమె పాదములకు దిగువగా ఎగిరిపోయెను. చుట్టునున్నవారు ఫోటోలు తీసికొనుచుండిరి, కేకలు వేయుచుండిరి. ఆమెకు అవేమియు పట్టలేదు. ఎంతసేపైనను తల యెత్తకుండుట చూచి మనుమడు, “అవ్వా, కళ్ళు తిరుగుతున్నాయా?” అని యడిగెను. ఆమె లేదన్నట్లు చేయి యాడించి, వెనుదిరిగి పిలిచెను.

“అన్నా! ఇట్లా రా.”

ఆ పిలుపులో ఏమున్నదో బాలునకు తెలియదు. వృద్ధుడు కఱ్ఱను మేనల్లుని చేతికిచ్చెను. గాజుపలకలు కలియుచోట గీతవలె నున్న ఉక్కు వెంబడి, ఒక పాదము వెనుక నొక పాదము పెట్టుచు, ముచ్చెమటలు పోయగా, ఆమె ప్రక్కకు చేరెను.

“అక్కడా ఇంత లోతుంటుందా?” అని యామె యడిగెను.

ఎక్కడ అని ఆయన యడుగలేదు.

“ఇంత ఉండదమ్మా. తాటిచెట్లు అయిదారు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత.”

“అక్కడ నిలబడితే కింద ఇట్లాగే కనపడుతుందా?”

“కనపడదు. కింద ఎవరు చూస్తారు? కొమ్మను చూస్తాం. కాలికింద బండ ఉంటుంది. దాని సంగతి మనకు గుర్తే ఉండదు.”

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “ఆ బండ...” అని యాగెను.

“ఆ బండమీద ఆ పొద్దున నేనూ నిలబడ్డానమ్మా. నాకంటే ముందు మా నాయన నిలబడ్డాడు. బావ తట్టే చూశాడు, నేను విన్నాను. గట్టిగానే పలికింది. ఆ కార్తికంలో వానలు విడవకుండా కురిసినాయి గదా. లోపలి మట్టి ఎప్పుడు జారిపోయిందో పైకి తెలియలేదు.” ఆయన గొంతు సవరించుకొనెను. “బావ దుడుకువాడు కాదు. నాకంటే నిదానం.”

“నిదానమా?”

“నిదానం. కొమ్మ అందకపోతే రేపు చూద్దాం లే అనే మనిషి. ఆ రోజు కొమ్మ చేతికందింది కూడా.”

ఆమె కమ్మీమీద చేయి వేసెను. గాజుమీదకు ఎక్కినది మొదలు ఆమె దేనినైన పట్టుకొనుట అదే ప్రథమము.

“ఈ మాట ఇన్నేళ్ళూ చెప్పలేదేం అన్నా?”

“నువ్వు కొండ పేరెత్తనిచ్చావా?”

నలువదిరెండేండ్లు ఒక మాట ఇద్దరి నడుమ నిలిచిపోవుటకు ద్వేషమే యుండనక్కరలేదు. ఒకరు అడుగుటకును, ఒకరు చెప్పుటకును జంకిన చాలును. ఆత్మకూరు ఉదయగిరికి దూరము కాదు. పండుగ పండుగకు వారు ఎదురెదురుగా కూర్చుండి భోజనము చేసినవారే.

అంతలో కాపలావాడు ఈల వేసెను. తరువాతి నలువదిమంది సిద్ధముగా నుండిరి. మనుమడు తొందరపడి ఒక ఫోటో తీసెను. ఇంటికి పోయి చూడగా అందు అవ్వయు, తాతయు తలలు వంచియుండుటచే ముఖములు కనబడలేదు. ఇంకొకటి తీసియుండవలసినదని వాడు రెండు దినములు నొచ్చుకొనెను.

తిరుగు ప్రయాణమున రైలులో ఆమె నిద్రపోలేదు, అన్నను నిద్రపోనీయలేదు. కొండకు ఏ త్రోవన పోవుదురు? ఎంతసేపు పట్టును? త్రాగుటకు నీరెక్కడ దొరకును? సద్దిమూట ఏ చెట్టుక్రింద విప్పుచుండిరి? ఆ సద్దిని ఆరేండ్లపాటు కట్టియిచ్చినది ఆమెయే. అది యెక్కడ విప్పబడినదో అప్పుడు తెలిసికొనుచుండెను. ఆయన చెప్పుచునే యుండెను. కొండమీది కోనేరు, కూలిన ప్రాకారములు, శిథిలమైన గుడులు, మసీదు, మధ్యాహ్నమున నీడపట్టున బావ తీసెడి కూనిరాగము, ఆ రాగము సరిగా రాక తాను నవ్వుట, అన్నియు చెప్పెను. పైబెర్తుమీది ప్రయాణికుడొకడు రెండుమారులు విసుగుకొని, మూడవమారు తానును విననారంభించెను.

నెల్లూరులో దిగి, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి పోవు బస్సెక్కిరి. కండక్టరు వచ్చెను. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15వ తేదీనుండి ఆ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. గుర్తింపు కార్డు చూపినచో సున్నా టిక్కెట్టు నిత్తురు. ఆమె చీరకొంగు ముడి విప్పి కార్డు తీసెను.

“ఆత్మకూరేనా అవ్వా?”

“ఉదయగిరి” అని యామె చెప్పెను.

వృద్ధుడు ఆమె ముఖమువంక చూడలేదు, పాదములవంక చూచెను.

“ఆ రబ్బరు చెప్పులతో కొండ ఎక్కలేవమ్మా.”

“వట్టికాళ్ళతో ఎక్కుతాను.”

“నా మోకాళ్ళు మొదటి మలుపుదాకే వస్తాయి.”

“అంతవరకే పోదాం. అక్కడినుంచి ఏ చరియో వేలుపెట్టి చూపించు” అని, ఆమె కార్డును మరల కొంగున ముడివేసికొని, అన్న కఱ్ఱ దొరలిపోకుండ తన ఒడిలో పెట్టుకొనెను.